తాళమేసిన హోము వద్దు, తలుపు తీసిన ఇల్లు కావాలి



మిరప కోతలు మొదలైతే మా బడి హాజరు పట్టీలో సున్నాలు మొదలవుతాయి. సంక్రాంతి దాటిన కాడ్నుంచి ఉగాది దాకా ఇదే వరస. తెల్లారకముందే ఆటోలెక్కి పల్లె పల్లంతా కోతలకు పోద్ది. కొందరు పిల్లలు తల్లులతో పాటు చేనుకు పోతారు. ఇంకొందరు చంటిపిల్లల్ని ఆడిస్తా ఇంటికాడే ఉండిపోతారు. పంతుళ్లుగా మేం ఇది ఏటా చూస్తున్నాం, ఏటా తల్లిదండ్రులతో కొట్లాడుతున్నాం.

పోయినేడు ఎనిమిదో తరగతి పిల్ల ఒకతి పదకొండు రోజులు బడికి రాలేదు. బాగా చదివే పిల్ల. ఏమైందో కనుక్కుందామని తాడేపల్లిలో వాళ్ల వాడకు పోయాం. వాకిట్లో లెక్కల పుస్తకం ముందేసుకుని కూర్చుంది. పక్కన అరుగు మీద ముప్పై నాలుగేళ్ల మనిషి. ఆ పిల్లకు మేనమామ. పుట్టినప్పట్నుంచీ బుద్ధి ఎదగలేదు, మూర్ఛలు వస్తాయి. కాలికి పాత చీర పీలిక కట్టి, రెండో కొస పందిరి గుంజకు ముడేశారు.

"కట్టెయ్యకపోతే రైలు కట్ట మీదకి పోతాడండి మేష్టారూ. అమ్మ కూలికి పోద్ది. ఇంతకుముందు అమ్మమ్మ చూసుకునేది. దసరాకి అమ్మమ్మ చచ్చిపోయిందిగా" అంది.

ఏదో తప్పు చేసినట్టు తల వంచుకుని చెప్పింది. తప్పు ఆ పిల్లదా? రోజు కూలి పోతే పొయ్యి వెలగని ఆమె తల్లిదా? కృష్ణా కెనాల్ జంక్షన్ పట్టాల పక్కనే పుట్టిన ఆ మనిషిదా? మనలో చాలామంది ఇళ్లల్లో ఇట్టాంటి మనిషి ఒకరుంటారు. మతి లేని తమ్ముడో, పక్షవాతంతో పడిపోయిన బాబాయో, చూపు పోయిన ఒంటరి మేనత్తో. వాళ్లను సాకే ముసలితల్లి రోజూ అడిగే మాట ఒకటే: "నేను పోయినాక వీణ్ణెవరు చూస్తారయ్యా?"

ఉద్యమంలో ఇన్నేళ్లున్నాం. భూమి గురించి, కూలి గురించి, దాడుల గురించి ఎన్నో సంచికలు వేశాం. ఆ తల్లి ప్రశ్నకు జవాబు ఒక్కసారీ రాయలేదు. అందుకు ముందుగా మమ్మల్ని మేమే విమర్శించుకుంటున్నాం.

మూడు దార్లు

ఆ ఇంటి ముందుకు మూడు దార్లొచ్చాయి. మొదటిది హోము. దూరంగా ఒకచోట ఉందనీ, ఇట్టాంటి వాళ్లను ఉచితంగా చూస్తారనీ తెలిసినవాళ్లు చెప్పారు. తీసుకెళ్లి చేర్పించారు. ఆ చేర్పించినవాళ్లలో మేమూ ఉన్నాం. పిల్ల బడికొస్తుంది గదా అని సంతోషపడ్డాం కూడా. రెండు నెలల తర్వాత చూడబోతే గేటుకు తాళం. అరగంట నిలబెట్టి తీశారు. మనిషికి గుండు కొట్టించారు. ఒంటి మీద ఎవరిదో నిక్కరు. మమ్మల్ని చూసి మేనగోడలి పేరు పెట్టి పిలిచి ఏడ్చాడు. ఇంటికాడ అతనికి ఒక కంచముంది, ఒక పక్క ఉంది, వచ్చేపొయ్యేవాళ్లు పిలిచే పేరుంది. అక్కడ నలభై మందిలో ఒకడు. కొట్టారా అంటే చెప్పలేడు. మూర్ఛ మాత్రలు వేళకు వేశారా అని అడిగితే చూపించడానికి చీటీ ముక్క లేదు. మర్నాడే ఇంటికి తెచ్చేశాం.

రెండోది దొడ్డి. తెచ్చిన వారంలోనే ఊళ్లోంచి ఒక ఆసామి కబురు చేశాడు. "మా దొడ్లో పడుంటాడు. నాలుగు గేదెలున్నయ్. పేడ తీస్తాడు, మేతేస్తాడు. ఇంత ముద్ద పెడతాం. మీకూ బరువు తగ్గుద్ది." దయగానే అన్నాడు. ఆ దయ మన తాతలకు బాగా తెలుసు. అప్పు పేరుతో కొందర్ని, దయ పేరుతో కొందర్ని దొడ్లో కట్టుకున్న కాలం అది. మతి తక్కువవాడు, మాట రానివాడు ఎప్పుడూ మంచి పాలేరే. కూలి అడగడు, పండక్కి ఇంటికి పోతాననడు, తిడితే ఎదురు చెప్పడు. వెట్టిచాకిరీ నిర్మూలన చట్టం 1976లో వచ్చింది. సాకుతున్నామనే మాట చాటున వెట్టి ఇంకా నడుస్తానే ఉంది.

మూడోది ఎదురిల్లు. అక్కడ ఒక పెద్దమ్మ ఉంది. యాభై దాటింది, మొగుడు లేడు, పిల్లలు పెళ్లిళ్లయి వెళ్లిపోయారు. మిరప కోతలకూ పత్తి తీతకూ పొయ్యే మనిషి. వాడంతా కూర్చుని ఏం చేద్దామని మాట్లాడుకుంటుంటే ఆమె లేచింది.

"వాడు చిన్నప్పట్నుంచీ నా వాకిట్లో తిరిగినోడే. నా ఇంట్లో ఉంటాడు. నేను తినే గింజలే తింటాడు. గుంజకు కట్టేసే పని నా దగ్గరుండదు. కాని మేష్టారూ, వాడి దగ్గర నేనుంటే నా కూలెవరిస్తారు?"

ఎవ్వరం మాట్లాడలేదు. ఈ సంపాదకీయం ఆమె అడిగిన ఆ ఒక్క మాట గురించే.

పిల్లలకున్న చట్టం పెద్దలకేదీ?

అనాథ పిల్లల్ని హోముల్లో కాకుండా ఇంకొక కుటుంబంలో ఉంచి పెంచే పద్ధతిని ఫాస్టర్ కేర్ అంటారు. మనం ఆదరణ కుటుంబం అనుకుందాం. 2015 నాటి జువెనైల్ జస్టిస్ చట్టంలో 44వ సెక్షను దీని గురించే. పిల్లవాడు దత్తతకు పోయినట్టు కాదు, ఆస్తి గొడవ లేదు. ఒక ఇంట్లో ఉంటాడు, అధికారులు వచ్చి చూసిపోతారు, ఖర్చులకు సాయం ఉంటుంది. మంచిదే. అయితే పద్దెనిమిదేళ్లు నిండిన మర్నాడు ఆ పిల్లవాడి బుద్ధి ఎదుగుద్దా? మూర్ఛలు ఆగిపోతాయా? పెద్దవాడైన వికలాంగుడికి, నా అనేవాళ్లు లేని మతిచెడిన మనిషికి ఇట్టాంటి ఇల్లు వెతికిపెట్టే పథకం మన రాష్ట్రంలో లేదు. కన్న కుటుంబం చూస్తే చూసినట్టు. లేకపోతే హోము, లేకపోతే బస్టాండు.

పరాయి మనిషిని ఇంట్లో పెట్టుకుని ఎవరు చూస్తారండీ అంటారు కొందరు. బెల్జియం దేశంలో గీల్ అనే ఊరుంది. మతిచెడినవాళ్లను అక్కడి రైతు కుటుంబాలు 13వ శతాబ్దం నుంచీ తమ ఇళ్లల్లో ఉంచుకుంటున్నాయి. మొదట అది గుడికి మొక్కుకోవడానికి వచ్చినవాళ్లకు చోటివ్వడంగా మొదలైంది. 19వ శతాబ్దంలో ప్రభుత్వం అజమాయిషీలోకొచ్చింది. 1930ల చివర్లో 3,700 మందికి పైగా ఆ ఊరి ఇళ్లల్లో ఉండేవాళ్లు. ఊరంతటికీ వెనక దన్నుగా ఒక ఆస్పత్రి ఉంది. జబ్బు ముదిరితే ఆస్పత్రికి, తగ్గితే మళ్లీ ఇంటికి. సాకినందుకు కుటుంబానికి డబ్బు ముడుద్ది. ఇప్పుడా సంఖ్య బాగా తగ్గిపోయింది. సేద్యం తగ్గింది, ఆడవాళ్లు బయట ఉద్యోగాలకు పోతున్నారు, ఇచ్చే డబ్బు చాలదు. చూశారా? ఏడెనిమిది వందల ఏళ్లు నడిచిన ఊళ్లో కూడా చివరికి పెద్దమ్మ అడిగిన ప్రశ్నే వచ్చింది.

అంతదూరం ఎందుకు, పక్కనున్న తమిళనాడులో బాన్యన్ అనే సంస్థ 1993 నుంచి వీధుల్లో తిరిగే మతిచెడిన స్త్రీల కోసం పనిచేస్తోంది. ఏళ్ల తరబడి ఆస్పత్రిలోనే ఉండిపోయి, తీసుకుపోయే దిక్కు లేనివాళ్లను నలుగురైదుగురు చొప్పున ఊళ్లో మామూలు అద్దె ఇళ్లల్లో పెట్టారు. తోడుగా జీతమిచ్చి ఒక మనిషిని ఉంచారు. వాళ్లే వండుకుంటారు, అంగడికి పోతారు, చుట్టుపక్కల వాళ్లతో మాట్లాడతారు. జీవితాంతం ఆస్పత్రే దిక్కనుకున్నవాళ్లు ఇంటి తాళం చెవి తమ కొంగుకు కట్టుకుని తిరుగుతున్నారు. ఆ పద్ధతిప్పుడు వేరే రాష్ట్రాలకూ పాకింది.

కాబట్టి ఇది కాని పని కాదు.

ఆగస్టు 6

ఆగస్టు 6 అనగానే మనకు చుండూరు గుర్తొస్తుంది. 1991లో అదే రోజు మనవాళ్లను ఎనిమిది మందిని నరికి చంపారు. ఆ తేదీని మనం ఎన్నటికీ మరవం. సరిగ్గా పదేళ్లకు, 2001 ఆగస్టు 6న, తమిళనాడు రామనాథపురం జిల్లా ఎర్వాడిలో ఇంకొక ఘోరం జరిగింది. దర్గా దగ్గర మతిచెడినవాళ్లను ఉంచే ఒక ప్రైవేటు హోములో పాకకు నిప్పంటుకుంది. లోపలున్నవాళ్లు గొలుసులతో కట్టేసి ఉన్నారు. లేచి పరిగెత్తలేక 28 మంది కాలిపోయారు. వాళ్లను అక్కడ వదిలిపెట్టింది శత్రువులు కాదు. కూలికి పోవాల్సిన అమ్మలు, అప్పుల్లో మునిగిన అన్నలు. ఇంటికాడ చూసే దిక్కు లేక వదిలారు.

చుండూరులో చంపింది కులం. ఎర్వాడిలో చంపింది దిక్కులేనితనం. రెండూ ఒకటని మేం అనడంలేదు. కాని ప్రాణానికి విలువ లేని మనుషులెవరని సమాజం లెక్కగట్టే పట్టీ ఉంది చూడండి, అందులో మన పేరూ వికలాంగుడి పేరూ పక్కపక్కనే ఉంటాయి. దళితుడూ వికలాంగుడూ ఒకే మనిషైతే ఇంక చెప్పేదేముంది?

'మీ మంచికే' అంటూ మనుషుల్ని ఒకచోట పెట్టి కాపలా కాసే పద్ధతి మా తాడేపల్లి ప్రాంతానికి కొత్త కాదు. బ్రిటిషు వాళ్లు నేరస్థ జాతుల చట్టం తెచ్చి ఎరుకలవాళ్ల మీద పుట్టుకతోనే దొంగలనే ముద్ర వేశారు. సంస్కరణ పేరుతో సెటిల్‌మెంట్లు పెట్టారు. బాపట్ల దగ్గర స్టూవర్టుపురం ఒకటి. మా పక్కనే కృష్ణ ఒడ్డున సీతానగరంలో ఇంకొకటి ఉండేది. బయటికి పోవాలంటే అనుమతి, పొద్దునా రాత్రీ హాజరు, చెప్పిన చోట చాకిరీ. 1952లో ఆ చట్టం దేశమంతటా పోయినా మచ్చ పోవడానికి తరాలు పట్టింది. కాబట్టి గోడ కట్టి, గేటు పెట్టి, తాళమేసి 'సేవ' అని బోర్డు రాస్తే మనం ఊరికే నమ్మగూడదు. తాళం ఎవరి చేతిలో ఉందో ముందు అడగాలి.

అన్ని హోములూ ఒకటేనని మేం అనం. మనసున్నవాళ్లు నడిపేవి ఉన్నాయి. అయితే మంచి హోము కూడా ఇల్లు కాదు.

ఇల్లు అనగానే సరిపోదు

ఇళ్లల్లో పెడితే అంతా బాగుంటుందని పాటలు పాడటానికి మేం ఈ పేజీ రాయడంలేదు. ఊరు దయాసముద్రమని చెప్పేవాళ్లను 1948లో రాజ్యాంగ సభలోనే బాబాసాహెబ్ నిలదీశారు. ఊరంటే ఏంటో కారంచేడు మనకు 1985లో చూపించింది. అందుకని మూడు ప్రమాదాలు ముందే చెప్పుకోవాలి.

ఒకటి, పాలేరుతనం. ఆదరణ కుటుంబం పేరుతో ప్రభుత్వం ఇచ్చే డబ్బూ తీసుకుని, ఆ మనిషి చేత దొడ్డి చాకిరీ కూడా చేయించుకుంటే అంతకన్నా లాభమేముంది? ఇంటిమనిషిలాగా తన కంచం కడుక్కోవడం, నీళ్లు తేవడం వేరు. అమ్ముకునే పాలకు, పండించే పంటకు చాకిరీ చెయ్యడం వేరు. అది పని. పనికి కూలి ఇవ్వాల్సిందే. కూలి లేకపోతే అది 1976 చట్టం కింద నేరమే.

రెండు, కులం. బళ్లో మధ్యాహ్న భోజనం మన ఆడవాళ్లు వండితే పిల్లల్ని తిననివ్వని తల్లిదండ్రుల గురించి ఎన్నిసార్లు విన్నాం? రేపు దిక్కులేని పెద్దకులం ముసలాయన్ని మాదిగ ఇంట్లో పెడతామంటే అధికారి కలం కదులుద్దా? మాలపిల్లను ఊళ్లో ఇంట్లో పెడితే ఆమె కంచం వంటగదిలో ఉంటుందా, దొడ్డి గోడ మీద ఉంటుందా? కులం చూసి ఇల్లు పంచే పథకమైతే అది అంటరానితనానికి ప్రభుత్వ ముద్ర వెయ్యడమే.

మూడు, ఆడవాళ్ల చాకిరీ. పాకీపని తరతరాలుగా మనకే అంటగట్టారు. రేపు మంచం పట్టినవాళ్ల మలమూత్రాలెత్తే పనిని 'సేవ' అని పేరు పెట్టి చవగ్గా మన ఆడవాళ్ల నెత్తిన రుద్దుతారు. తల్లి మనసు, త్యాగం అని పొగుడుతారు. పొగడ్త వేస్తే ఏ కొట్టువాడూ బియ్యం ఇవ్వడు. చాకిరీ చేసిన చేతికి కూలి కావాలి, సెలవు కావాలి, ఒళ్లు బాగోలేని రోజు బదులు మనిషి కావాలి. ఇంట్లో మగవాడికీ ఆ పనిలో వాటా ఉండాలి.

అట్టాగని ఇల్లనే మాటను వదులుకోనక్కర్లేదు. మనకు మన దారి ఉంది. 1863లో పూనాలో జోతిరావు ఫూలే, సావిత్రిబాయి తమ ఇంటి తలుపులు తీసి, వెలివేతకు గురైన గర్భిణీ వితంతువులకు పురుడు పోసుకునే చోటిచ్చారు. అట్టా వచ్చిన ఒక బ్రాహ్మణ వితంతువు కొడుకు యశ్వంతును తమ బిడ్డగా పెంచారు. ఆ పిల్లవాడు డాక్టరయ్యాడు. 1897లో ప్లేగు వచ్చినప్పుడు రోగులకు సేవ చేస్తానే సావిత్రిబాయి ఆ ప్లేగుతోనే చనిపోయింది. ఎవరి కులమేంటని ఆమె అడగలేదు. మన సంప్రదాయం అది.

చట్టం ఏమంటోంది

ఇది ఎవరినో బిచ్చం అడగడం కాదు. ముసలితనంలో, జబ్బులో, అంగవైకల్యంలో ప్రజలకు సాయం చెయ్యాలని రాజ్యాంగం 41వ అధికరణం చెబుతోంది. నేరం చెయ్యని మతిచెడినవాళ్లను జైల్లో పెట్టడం చట్టవిరుద్ధమని 1993లో షీలా బార్సే కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం 5వ సెక్షను ప్రకారం వికలాంగుడు ఫలానా చోటే పడుండాలని ఎవరూ బలవంతం చెయ్యగూడదు, అందరి మధ్యా బతికే హక్కు అతనికుంది. 2017 నాటి మానసిక ఆరోగ్య చట్టం 19వ సెక్షను కూడా అదే మాట చెబుతోంది. కుటుంబం వదిలేసినవాళ్లకు ప్రభుత్వం తోడ్పడాలంటోంది, సమాజం మధ్యలో ఉండే చిన్న ఇళ్లు పెట్టాలంటోంది. ఆ చట్టం 95వ సెక్షను మతిచెడిన మనిషిని ఏ రకంగానూ గొలుసులతో కట్టగూడదంటోంది.

అన్నిటికన్నా ముఖ్యం, 2016 చట్టం 24వ సెక్షను. ఎక్కువ ఆసరా అవసరమైన వికలాంగులకు 'సంరక్షకుల భత్యం' ఇవ్వాలని అందులో రాసి ఉంది. అంటే పెద్దమ్మ ప్రశ్నకు జవాబు చట్టంలో ఉంది. దాని పక్కనే 'ఆర్థిక స్తోమత మేరకు' అనే తోక కూడా ఉంది. ఆ తోక పట్టుకుని ప్రభుత్వాలు తప్పించుకుంటున్నాయి. కేరళలో 'ఆశ్వాసకిరణం' అని మంచం పట్టినవాళ్లను, బుద్ధిమాంద్యం ఉన్నవాళ్లను సాకేవాళ్లకు నెలకు 600 రూపాయలిచ్చే పథకం పెట్టారు. ఆరువందలు ఏ మూలకు? ఏ మూలకూ రాదు. అయినా సాకే చేతిని ఒక ప్రభుత్వం లెక్కలోకి తీసుకుంది గదా. మన దగ్గర ఆ లెక్కే లేదు.

మన రాష్ట్రంలో పింఛను పెరిగిన మాట నిజం. 2024 జూలై 1న మా పొరుగునే ఉన్న పెనుమాకలో ముఖ్యమంత్రి ఇంటికొచ్చి పింఛను పంపిణీ మొదలుపెట్టారు. వికలాంగులకు 6,000, పూర్తిగా మంచానికో చక్రాల కుర్చీకో పరిమితమైనవాళ్లకు 15,000 అన్నారు. ఇది ఎవరి దానమూ కాదు. మంద కృష్ణ మాదిగ నాయకత్వంలో వికలాంగులు రోడ్డెక్కి ఏళ్ల తరబడి అడిగిన ఫలితం ఇందులో ఉంది. కాని 2025లో సదరం సర్టిఫికెట్లు మళ్లీ పరీక్షించాలంటూ నోటీసులొచ్చినప్పుడు ఎన్ని ఇళ్లల్లో పొయ్యి మీద నీళ్లు పోసినట్టయిందో మీకు తెలుసు. ఇంకో మాట. ఆ ఆరువేలు వికలాంగుడివి. అతని తిండికి, బట్టకు, మందులకు. అతన్ని సాకడానికి కూలి మానుకున్న మనిషికి అందులో పైసా లేదు. ఒకరి పింఛనుతో ఇద్దరు బతకమంటే ఇద్దర్నీ సగం ఆకలితో ఉంచడమే.

మన డిమాండ్లు

1. కుటుంబం లేని, కుటుంబం చూడలేని వయోజన వికలాంగులకు, మానసిక రోగులకు ఆదరణ కుటుంబ పథకం పెట్టాలి. జీవో ఇవ్వాలి, బడ్జెట్టులో డబ్బు చూపించాలి.

2. సాకే మనిషికి వ్యవసాయ కనీస వేతనానికి తగ్గకుండా నెల నెలా కూలి ఇవ్వాలి. సొంత తల్లి సాకినా, అక్క సాకినా, పక్కింటి పెద్దమ్మ సాకినా ఇవ్వాలి. పింఛను జోలికి రాగూడదు.

3. ఒక ఇంట్లో ఇద్దరికి మించి పెట్టగూడదు. ప్రతి మనిషికీ సొంత పక్క, సొంత పెట్టె ఉండాలి. తాళాలు, కట్లు ఉండగూడదు. ఉండేవాళ్ల ఇష్టం అడిగి పెట్టాలి. వద్దంటే, మాట రానివాడు ఏడుపుతో వద్దన్నా సరే, ఇల్లు మార్చాలి.

4. కులం చూసి ఇళ్లు కేటాయించగూడదు. దళితవాడ ఇళ్లను పథకంలోంచి తప్పించగూడదు.

5. నర్సు నెలకోసారి ఇంటికి రావాలి. మూర్ఛ మాత్రలు, మానసిక రోగాల మందులు ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలోనే దొరకాలి. రోజు కూలి పోగొట్టుకుని గుంటూరు పెద్దాసుపత్రి దాకా పొయ్యే గతి తప్పాలి.

6. తనిఖీ కమిటీల్లో వికలాంగులు, దళిత స్త్రీలు ఉండాలి. ఇప్పుడున్న హోములన్నిట్నీ ఆ కమిటీలు చెప్పకుండా వెళ్లి చూడాలి. లోపల ఎంతమంది ఉన్నారో, ఏడాదిలో ఎంతమంది చనిపోయారో బోర్డు మీద రాయించాలి.

కార్యకర్తలు ఇప్పుడే చెయ్యాల్సింది

ప్రభుత్వం కదిలేదాకా చేతులు కట్టుకు కూర్చోలేం. ఒక ఆదివారం పల్లెలో ఇంటింటికీ తిరగండి. ఇట్టాంటి మనుషులు ఎక్కడున్నారో నోటు పుస్తకంలో రాయండి. చాలామందిని వెనక గదిలో దాచిపెడతారు, సిగ్గుతో. గట్టిగా అడగొద్దు, రెండోసారి మూడోసారి పోండి. సదరం సర్టిఫికెట్టు లేనివాళ్లకు రాయించండి. పింఛను ఒకటో తారీఖున ఎవరి చేతిలో పడుతోందో, ఎవరి జేబులోకి పోతోందో చూడండి. బుద్ధిమాంద్యం ఉన్నవాళ్లకు తల్లిదండ్రుల తర్వాత గార్డియన్ ఎవరని 1999 నాటి నేషనల్ ట్రస్ట్ చట్టం కింద కలెక్టరు అధ్యక్షుడుగా ఉండే జిల్లా కమిటీకి ముందే దరఖాస్తు పెట్టించండి. తల్లి బతికుండగానే పెట్టించండి. పోయినాక పరిగెత్తితే హోము గేటు తప్ప ఏమీ కనపడదు.

ఊళ్లో ఎవరి దొడ్లోనైనా కూలి లేకుండా పనిచేస్తున్న మతి తక్కువ మనిషి ఉంటే మాకు రాయండి. సాకుతున్నాం అంటారు. సాకేవాళ్లయితే అతని పక్క ఎక్కడుందో చూపించమనండి. గొడ్లచావట్లో ఉంటే మండలాఫీసుకు పోదాం.

ఇంక ఆ మేనమామ సంగతి. ఇప్పుడు పెద్దమ్మ ఇంట్లోనే ఉంటున్నాడు. గుంజకు కట్లేదు. వాడంతా మాట్లాడుకుని వంతులేసుకున్నాం. కోతల రోజుల్లో పెద్దమ్మ పనికి పోతే పని లేనివాళ్లు వంతుల వారీగా ఆమె ఇంటికాడ కూర్చుంటారు. వాళ్లల్లో ఇద్దరు మగవాళ్లున్నారు, అది రాయదగ్గ సంగతే. పింఛను డబ్బు లెక్క ఒక పుస్తకంలో రాస్తున్నాం. అది ఎవరైనా చూడొచ్చు. సాయంత్రం పూట మేనగోడలు వెళ్లి అన్నం కలిపి పెడుద్ది. పొద్దున బడికొస్తోంది.

ఇది గెలుపని మేం చెప్పడంలేదు. పనుల్లేని రోజుల్లో వంతులు నడుస్తాయి, కోతలు ముదిరితే వంతులు తప్పుతాయి. అట్టా తప్పిన రోజుల్లో పెద్దమ్మ ఇంటికాడే ఉండిపోయింది, కూలి పోగొట్టుకుంది. ఆ కూలి బాకీ ఆమెకు మేం తీర్చలేదు. ప్రభుత్వమూ తీర్చలేదు. మంచితనం మీద ఎన్నాళ్లు బండి లాగిస్తాం? ఆమెకూ వయసు మీద పడుతోంది. రేపు ఆమె కూడా అదే ప్రశ్న అడుగుద్ది.

కోతలొచ్చిన ప్రతిసారీ హాజరు పట్టీలో ఆ పిల్ల పేరుకెదురుగా సున్నా పడుద్దేమోనని మేం భయపడుతూ ఉండగూడదు. ఆ భయం పోవాలంటే పెద్దమ్మ కూలి ఆమె చేతిలో పడాలి. ఈ డిమాండ్ల కాగితం మీద మీ పల్లె సంతకాలు, వేలిముద్రలు వేయించి వచ్చే సంచిక లోపు పంపండి. అన్నీ కలిపి గుంటూరు కలెక్టరాఫీసుకు పట్టుకుపోదాం. నడవగలిగినవాళ్లం నడిచి పోదాం, నడవలేనివాళ్లను మోసుకుని పోదాం.

సాకే చేతికి కూలి ఇవ్వాలి!
మనిషికి తాళం వెయ్యొద్దు, ఇల్లు చూపించాలి!

జై భీమ్.